తుపాకీ అడిగినవాడి గురించి ఎవరిని అడగాలి?

రెండు దరఖాస్తు ఫారాలను పక్కపక్కన పెట్టుకొని చదువుదాం. ఒకటి మన ఆయుధాల నియమావళి-2016లోని ఫారం ఏ-1. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఉండే మనిషికి రివాల్వర్ కావాలంటే ముందు దీన్ని నింపి లైసెన్స్ సంపాదించుకోవాలి. రెండోది అమెరికాలో తుపాకుల దుకాణం కౌంటర్ మీద నింపే ఫారం 4473. రెండూ పుట్టింది ఒకే పనికి: అడుగుతున్నవాడు ఎలాంటివాడో తేల్చడానికి. ఆ పని ఏది ఎంత బాగా చేస్తోందో చూడాలి. ఎందుకంటే రెండింటి ఫలితాన్నీ అనుభవిస్తున్న కుటుంబాలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. ఇక్కడ పొలం, ఇల్లు పెట్టుకొని పిల్లల్ని టెక్సాస్‌కూ ఇల్లినాయికీ పంపిన అమ్మానాన్నలు సూర్యాపేటలో ఉన్నారు, దేవరకొండలో ఉన్నారు, షాద్‌నగర్‌లో ఉన్నారు.

ఏ-1 అడిగే అసలు ప్రశ్న: తుపాకీ నీకెందుకు? దాని చుట్టూ మిగతావి వస్తాయి. గతంలో శిక్ష పడిందా, శాంతిభద్రతల కోసం బాండు రాయించుకున్నారా, ఇంతకుముందు లైసెన్స్ రద్దయిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఆయుధం ఉందా, భద్రంగా దాచే చోటుందా? వీటికి డాక్టర్ సర్టిఫికెట్, శిక్షణ సర్టిఫికెట్ తోడవుతాయి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు పోతుంది. స్టేషన్ అధికారి ఎంక్వైరీ చేసి రిపోర్టు పంపుతాడు. జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్ నిర్ణయం తీసుకుంటారు. అంటే మన చట్టం దృష్టిలో తుపాకీ హక్కు కాదు. అవసరం రుజువు చేసుకున్నవాడికి రాజ్యం ఇచ్చే అనుమతి.

4473 మాత్రం ఎందుకని ఎక్కడా అడగదు. అక్కడ తుపాకీ 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఇచ్చిన హక్కు. అది వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కాబట్టి ఫారం అడిగేది కాదనడానికి కారణమేమైనా ఉందా అన్నంతవరకే. పెద్ద నేరంలో శిక్ష పడిందా? మాదకద్రవ్యాలు వాడుతున్నావా? కోర్టు నిన్ను మానసికంగా అనర్హుడని తేల్చిందా? సైన్యం నుంచి అవమానకరంగా బహిష్కరించారా? అవును, కాదు అని కొనేవాడే టిక్కులు పెట్టుకుంటాడు. దుకాణదారు ఆ వివరాలను ఎఫ్‌బీఐ వ్యవస్థకు పంపుతాడు. చాలాసార్లు నిమిషాల్లోనే జవాబు వచ్చేస్తుంది. ఈ వ్యవస్థ మొదలైంది 1998 నవంబర్ 30న. దానికి దారి తీసిన బ్రేడీ చట్టం అంతకు సరిగ్గా ఐదేళ్ల ముందు, 1993లో వచ్చింది. 1981లో అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు తలకు తూటా తగిలిన జేమ్స్ బ్రేడీ పేరు పెట్టారు దానికి.

తుపాకీ కొనేవాడి పూర్వాపరాల విచారణ తప్పనిసరి చేయాలా అన్న వాదన అమెరికాలో ఇంకా తెగలేదు. అక్కడి కేంద్ర చట్టం ఆ విచారణను లైసెన్స్ ఉన్న దుకాణదారులకే తప్పనిసరి చేసింది. దుకాణం లేని ప్రైవేటు వ్యక్తి తన తుపాకీని ఇంకొకరికి అమ్మితే విచారణ అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలతో ఆ కంత మూశాయి, టెక్సాస్ మూయలేదు. మనకు ఆ వాదనే లేదు. ఇక్కడ లైసెన్స్ లేకుండా దుకాణం గడప తొక్కినా తుపాకీ రాదు. నా మట్టుకు నాకు సందేహం లేదు: విచారణ లేని తుపాకీ ఎక్కడా ఉండకూడదు. అంతమాత్రాన మన పద్ధతి మేలైనదని సంతోషపడి పుస్తకం మూసేయడానికి నా మనసొప్పదు. విచారణ జరిగిందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఎవరిని అడిగారు? వాళ్ల మాటకు ఎంత విలువ ఇచ్చారు? ఈ రెండు ప్రశ్నల దగ్గర మన ఫారం, వాళ్ల ఫారం రెండూ తడబడతాయి.

2023 మే 6. టెక్సాస్‌లోని ఆలెన్ పట్టణం, ఔట్‌లెట్ మాల్. సైనికుడిలా తయారై వచ్చిన ఒకడు కొద్ది నిమిషాల్లో ఎనిమిది మందిని చంపాడు. చనిపోయినవాళ్లలో పాత నల్లగొండ జిల్లా మూలాలున్న ఒక యువ ఇంజినీరు ఉంది. హంతకుడి ఒంటి మీద, కారులో కలిపి దొరికిన ఎనిమిది తుపాకులూ చట్టబద్ధంగా సంపాదించినవేనని టెక్సాస్ అధికారులు ప్రకటించారు. ఈ మనిషిని 2008లో, శిక్షణ కూడా పూర్తి కాకముందే, మానసిక స్థితి కారణంగా సైన్యం ఇంటికి పంపేసింది. అయినా 4473 దృష్టిలో అది అడ్డంకి కాదు. ఆ ఫారం అడిగేది అవమానకరమైన బహిష్కరణ గురించి, కోర్టు తీర్పు గురించి. ఆ రెండూ లేవు కాబట్టి అతడు అర్హుడే. పక్కన కూర్చొని పని చేసినవాళ్లకు, కలిసి బతికినవాళ్లకు అతడి గురించి ఏం తెలుసో అడిగే గడి ఆ కాగితం మీద లేనే లేదు.

అదే మనిషి మహబూబ్‌నగర్‌లో దరఖాస్తు పెట్టుకొని ఉంటే? సైన్యం ఎందుకు పంపేసిందని స్టేషన్‌లో అడిగేవాళ్లు. నీకు ప్రాణభయం ఎవరివల్ల అనీ అడిగేవాళ్లు. ఎనిమిది తుపాకుల మాటే ఉండేది కాదు, మన చట్టం 2019 సవరణతో ఒక మనిషికి రెండుకు మించి తుపాకులు ఉండరాదంది. ఈ ఒక్క పోలికలో మన చట్టం చాలా ఎత్తున నిలబడుతుంది. దాన్ని ఒప్పుకోవడానికి సంకోచించనవసరం లేదు.

కానీ మన పక్క కథ ఇంకా లోతుకు పోతుంది. నల్లగొండ నేల మీద తుపాకీ ఎవరి చేతిలో ఉండాలో తేల్చింది చాలాకాలం హోదాయే. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య ఒరిగిపోయాడు. కడవెండి అప్పుడు నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఊరేగింపులోని ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. గడీలో తుపాకులు. ఆ తర్వాత దళాలు గడీల మీద పడి తుపాకులు గుంజుకున్నాయి, భర్మార్లు పోగేసుకున్నాయి. 1951 అక్టోబర్‌లో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించేదాకా ఆయుధం గుంజుకోవడం, దాచడం, అప్పగించడం చుట్టూనే ఎన్నో ఊళ్ల బతుకు తిరిగింది. బ్రిటిష్ ఏలుబడిలో లిటన్ తెచ్చిన 1878 చట్టం సంగతి ఇంకో తీరు. అక్కడ యూరోపియన్లకు మినహాయింపు, భారతీయుడికి లైసెన్స్. రెండు రాజ్యాలు, ఒకటే నీతి: మనవాడనుకున్నవాడికి ఆయుధం, మిగిలినవాడికి అనుమానం.

ఈ చరిత్ర తెలిసినవాళ్లకు 1959 చట్టం 14వ సెక్షన్‌లోని ఒక నిబంధన గుండెకు తగులుతుంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్స్ నిరాకరించరాదు అంటుంది అది. గడీకే తుపాకీ అన్న కాలాన్ని చట్టం తిరస్కరించిన చోటు ఇది. ఆ చట్టం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట కూడా ఇదే. అయితే 2016 నియమావళి దగ్గరికొచ్చేసరికి వ్యాపారం వల్ల, వృత్తి వల్ల, ఉద్యోగం వల్ల ప్రాణానికో ఆస్తికో రక్షణ నిజంగా అవసరమైనవాళ్లను పరిశీలించమంటుంది. వినడానికి సబబుగానే ఉంది. కానీ కాపాడుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడే అవసరాన్ని రుజువు చేయగలడు. చట్టం ముందు వాకిట్లోంచి పంపేసిన ఆస్తి నియమావళి దొడ్డిదారిన లోపలికి వచ్చింది. కాంట్రాక్టరుకు, రియల్ ఎస్టేట్ వ్యాపారికి, రాజకీయ నాయకుడికి అవసరం కాగితం మీద సులువుగా కనిపిస్తుంది. అచ్చంపేట వైపు అడవి పందుల పాలవుతున్న వేరుశనగ చేను కాచుకొనే రైతుకు పంట రక్షణ కోసం భర్మార్ లైసెన్స్ ఇచ్చే వీలు 13వ సెక్షన్‌లోనే ఉంది. ఆయన దానికోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగి వచ్చేలోపు పంట ఉండదు.

హోదా ఇంకా ఎలా పనిచేస్తుందో పాలమూరులో చూశాం. 2022 ఆగస్టు 13న మహబూబ్‌నగర్ పట్టణంలో స్వాతంత్ర్య వజ్రోత్సవాల ర్యాలీలో అప్పటి మంత్రి శ్రీనివాస్ గౌడ్ పోలీసు తుపాకీ తీసుకొని గాల్లోకి పేల్చారు. పేల్చింది నిజమైన తూటా కాదని వివరణ వచ్చింది. తూటా ఏదైతేనేం, వేలమంది పిల్లలు, పెద్దలు చూస్తుండగా తుపాకీని ఉత్సవ వస్తువుగా చూపించడం నాకు మింగుడుపడలేదు. సంబరాల్లో తుపాకీ పేల్చి జనం ప్రాణాలకు ముప్పు తేవడాన్ని 2019 సవరణలో ప్రత్యేకంగా నేరం చేసింది పార్లమెంటే. చట్టం ఒక దారి చూపిస్తుంటే, ఊరేగింపు ఇంకో దారి చూపిస్తే, దరఖాస్తు పెట్టుకొనే యువకుడు దేన్ని నేర్చుకుంటాడు?

ఇక స్టేషన్ ఎంక్వైరీ. ఎస్ఐ ఎవరిని అడుగుతాడు? ఊరి పెద్దల్ని, సర్పంచును, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను. పాస్‌పోర్టు ఎంక్వైరీ చూసినవాళ్లందరికీ ఈ వ్యవహారం తెలుసు. మంచివాడేనండి, పెద్దమనిషి అంటారు, ఎంక్వైరీ ముగుస్తుంది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి భార్య పక్కన నడుస్తుండగా ఒక దళిత యువకుడిని నరికి చంపారు. కూతురు కులాంతర పెళ్లి చేసుకుందని ఆమె తండ్రి కిరాయి ఇచ్చి చేయించిన హత్య అది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అది తుపాకీ కేసు కాదు, కత్తితో జరిగింది. దాన్ని ఇక్కడికి తెస్తున్నది వేరే కారణానికి. ఆ తండ్రి పట్టణంలో పేరున్నవాడు, డబ్బున్నవాడు. అలాంటి మనిషి గురించి బజారులో ఎవరిని అడిగినా మంచి మాటే వస్తుంది. అతడిలో ఏం కాగుతోందో తెలిసినది కన్నకూతురికి. ఆమెను అడిగే గడి ఏ-1లో లేదు, 4473లోనూ లేదు. ఊరి ముందు పెద్దమనిషి, ఇంట్లో భయం. ఈ రెండు ముఖాలున్న మనుషులు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఎంక్వైరీ మొదటి ముఖాన్నే చూసి తిరిగి వెళ్తుంది.

ఇక్కడ మాత్రం అమెరికా చట్టం మనకన్నా ఒక అడుగు ముందుంది, దాన్ని నిజాయితీగా చెప్పాలి. 1996 నుంచి అక్కడ భార్యనో, కలిసి ఉన్న మనిషినో కొట్టిన చిన్న నేరంలో శిక్ష పడినా తుపాకీ అర్హత పోతుంది. కోర్టు గృహహింస నుంచి రక్షణ ఉత్తర్వు ఇస్తే, అది ఉన్నన్నాళ్లూ తుపాకీ నిషేధం. ఈ నిషేధం రాజ్యాంగ విరుద్ధమని టెక్సాస్ మనిషి రహీమీ సుప్రీంకోర్టుదాకా పోయాడు. 2024 జూన్ 21న 8-1 తేడాతో ఓడిపోయాడు. తుపాకీని హక్కుగా పూజించే కోర్టు కూడా భయపడుతున్న భార్య పక్షాన నిలబడింది. మరి తుపాకీని హక్కే కాదనే మన చట్టం? 9వ సెక్షన్ కింద అనర్హత రావాలంటే హింసకో నీతిమాలిన పనికో జైలుశిక్ష పడాలి, లేదా శాంతి కాపాడతానని బాండు రాసివ్వమని కోర్టు ఆదేశించి ఉండాలి. 2005 గృహహింస చట్టం కింద భార్య తెచ్చుకున్న రక్షణ ఉత్తర్వు ఆ జాబితాలో లేదు. 14వ సెక్షన్ కింద అధికారి తన విచక్షణతో కాదనవచ్చు, నిజమే. కానీ ఆ విచక్షణకు సమాచారం కావాలి. ఆ సమాచారం ఇవ్వగలిగిన మనిషి వంటింట్లో ఉంది, ఎంక్వైరీ అరుగు మీదే ఆగిపోయింది.

రెండు చట్టాల్లోనూ ఒకే చోట ఒకే కంత ఉండటం నన్ను మరింత కలవరపెట్టింది. అమెరికాలో మూడు పనిదినాల్లో ఎఫ్‌బీఐ నుంచి జవాబు రాకపోతే దుకాణదారు తుపాకీ అమ్మేయవచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతీయులను చంపినవాడికి తుపాకీ అలాగే దొరికింది. గడువు దాటింది, రికార్డు దొరకలేదు, అమ్మకం జరిగిపోయింది. మన 13వ సెక్షన్‌లోనూ స్టేషన్ రిపోర్టు గడువులోగా రాకపోతే దానికోసం ఆగకుండా నిర్ణయం తీసుకొనే వీలు లైసెన్స్ అధికారికి ఉంది. అక్కడ అది వ్యాపారికి ఇచ్చిన వెసులుబాటు, ఇక్కడ అధికారికి ఇచ్చినది, తేడా అంతే. చదువుతున్నవాడికి అర్థమయ్యేది ఒక్కటే: మౌనాన్ని అంగీకారంగా లెక్కవేసుకొనే వీలు రెండూ ఇస్తున్నాయి. ఆయుధం విషయంలో మౌనాన్ని కాదనడంగా లెక్కవేయాలి.

అధికారి విచక్షణ ఎంత దూరం పోగలదో జమ్మూకశ్మీర్ చూపించింది. 2012-16 మధ్య అక్కడ 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అనర్హులకు అందాయన్న ఆరోపణల మీద సీబీఐ విచారణ చేపట్టింది. లైసెన్స్ ఇచ్చిన అధికారుల ఇళ్ల మీద, ఆయుధాల డీలర్ల మీద సోదాలు జరిగాయి. కఠినమైన ఫారం ఉన్నా, సంతకం అమ్ముడుపోతే ఫారం కాగితమే. అమెరికా పద్ధతిలో వేరే లోపాలున్నా ఈ జబ్బు తక్కువ. ప్రశ్నలు అందరికీ ఒకటే, సిఫారసు ఉత్తరానికి చోటు లేదు.

తుపాకీతో నేరం చేసేవాడు కలెక్టరేట్‌కు పోతాడా అని అడిగేవాళ్లు ఉంటారు. పోడు. భువనగిరి గ్యాంగ్‌స్టర్ నయీం ఏ లైసెన్స్ అడగలేదు. 2016 ఆగస్టు 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు అతడి దగ్గర ఏకే-47 దొరికింది. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండ్‌లో పోలీసులను కాల్చి పారిపోయినవాళ్లు పోలీసు ఆయుధాన్నే గుంజుకొని పోయారు. రెండు రోజులకు జానకీపురంలో మళ్లీ పోలీసుల మీదే కాల్పులు జరిపారు. స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో పౌరుల దగ్గర 7.1 కోట్ల తుపాకులుంటే అందులో రిజిస్టరైనవి 97 లక్షలే. ఇంత దొంగ సొత్తు బయట తిరుగుతుంటే లైసెన్స్ ఎంక్వైరీ ఎందుకు అన్న వాదన బలంగానే కనిపిస్తుంది. కానీ ఆ వాదన ఒక సంగతి మర్చిపోతుంది. ముంగేర్‌లో దొంగచాటుగా తయారయ్యే నాటు తపంచాను ఆపాల్సింది పోలీసు దాడి, లైసెన్స్ తుపాకీని ఆపాల్సింది ఎంక్వైరీ. రెండు రోగాలకు రెండు మందులు. ఒకటి తగ్గలేదని రెండోది మానేయం. పైగా ఇంటి నాలుగు గోడల మధ్య గొడవకు చేతికందేది ముంగేర్ తపంచా కాదు, బీరువాలో ఉన్న లైసెన్స్ రివాల్వరే.

ఎవరిని అడగాలన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికే రాసుకున్న దేశాలున్నాయి. కెనడాలో తుపాకీ లైసెన్స్ దరఖాస్తు మీద ఇప్పటి భార్య లేదా భర్త, గత రెండేళ్లలో విడిపోయినవాళ్లు సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే దరఖాస్తు సంగతి అధికారులే వాళ్లకు తెలియజేస్తారు. భయమున్న మనిషికి నోరు విప్పే సందర్భం దొరుకుతుంది. న్యూజిలాండ్‌లోనూ దగ్గరివాళ్లతో మాట్లాడే ఆచారం ఉంది. ఆ ఆచారాన్ని సరిగా పాటించకపోతే ఏమవుతుందో 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో తేలింది, మసీదుల్లో 51 మంది చనిపోయారు. హంతకుడి గురించి పోలీసులు అడిగింది ఇంటర్నెట్ ఆటల్లో పరిచయమైన స్నేహితుడిని, ఆ స్నేహితుడి ఇంట్లోవాళ్లను. లైసెన్స్ ప్రక్రియ ఉండాల్సిన ప్రమాణంలో లేదని రాయల్ కమిషన్ 2020లో తేల్చింది. మిర్యాలగూడ బజారులో అడిగే ఎంక్వైరీకీ దానికీ దూరం ఎంత?

మనకు కెనడా ఫారం ఉన్నదున్నట్టు పనికిరాదు. భర్త పక్కన నిలబడి సంతకం పెట్టు అంటే పెట్టని ఆడమనిషి మన పల్లెల్లో ఎంతమంది ఉంటారు? అందుకే ఇక్కడ సంతకం కన్నా సంభాషణ ముఖ్యం. మహిళా కానిస్టేబుల్ ఇంటికి పోయి, ఆమెతో విడిగా, ఆయన లేని సమయంలో మాట్లాడాలి. ఆమె చెప్పింది దరఖాస్తుదారుకు తెలియకూడదు, కారణం రాయకుండానే రిపోర్టులో వద్దు అనే వీలుండాలి. 100కు వచ్చిన ఫోన్లు, షీ టీమ్స్‌కు వచ్చిన ఫిర్యాదులు, భరోసా కేంద్రాల రికార్డు, గృహహింస చట్టం కింద వచ్చిన ఉత్తర్వులు ఇవన్నీ ఈ రాష్ట్రంలో ఉన్నవే. కేసు నమోదు కాలేదని వాటిని పక్కన పెట్టకూడదు. 9వ సెక్షన్‌లో రక్షణ ఉత్తర్వును చేర్చాల్సింది పార్లమెంటు. మిగిలినవాటికి పార్లమెంటు అక్కర్లేదు, జిల్లా ఎస్పీ ఒక సర్క్యులర్ రాస్తే చాలు.

2019 సవరణలో నాకు నచ్చని సంగతి ఇక్కడే చెప్పాలి. తుపాకుల సంఖ్యను తగ్గించిన ఆ చట్టమే లైసెన్స్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఐదేళ్లలో మనిషి తాగుడుకు బానిస కావచ్చు, అప్పుల్లో మునగవచ్చు, అన్నదమ్ములతో భూమి తగాదా కోర్టుకెక్కవచ్చు. లైసెన్స్ వచ్చిన నాటి మంచితనం ఐదేళ్లు చెల్లుతుందని ఎవరు పూచీ ఇస్తారు? 17వ సెక్షన్ కింద ఎప్పుడైనా రద్దు చేయవచ్చు, కానీ ఎవరో ఒకరు మళ్లీ చూస్తేనే గదా.

మళ్లీ చూడటం అసాధ్యమేమీ కాదని ఎన్నికలప్పుడు మన జిల్లాలే రుజువు చేస్తున్నాయి. 2019లో హుజూర్‌నగర్, 2021లో నాగార్జునసాగర్, 2022లో మునుగోడు ఉప ఎన్నికలు, 2023లో శాసనసభ ఎన్నికలు. కోడ్ రాగానే కలెక్టర్, ఎస్పీ ఉండే స్క్రీనింగ్ కమిటీ లైసెన్స్‌దారుల జాబితా ముందేసుకుంటుంది. బెయిల్ మీద ఉన్నవాళ్లు, పాత కేసులున్నవాళ్లు, గొడవల్లో ఉన్నవాళ్లు ఎవరో చూసి తుపాకులు స్టేషన్లలో పెట్టమంటుంది. ఫలితాలొచ్చాక తిరిగి ఇచ్చేస్తుంది. ఓటరు భయపడకూడదని రాజ్యం అంత శ్రద్ధ తీసుకుంటుంది. ఆ తుపాకీ తిరిగి చేరేది ఒక ఇంటికి. స్టేషన్ రైటర్ రిజిస్టర్‌లో సంతకం చేయించుకొని దాన్ని చేతికిచ్చే ముందు, ఆ ఇంట్లోవాళ్లతో ఒక్కసారి మాట్లాడి రావాలన్న నిబంధన వచ్చే ఎన్నికల నాటికి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెట్టి చూడొచ్చు.